ముందు టిప్పర్ తూకం వెనక ట్రాక్టర్‌కు: సీరియల్ పోర్టును షెల్ స్క్రిప్టుతో చదివిన ఒక కేస్ స్టడీ

ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డు మీద ఒక ప్రైవేటు కాటా. కడప బండలు, థర్మల్ ప్లాంటు బూడిద, సిమెంటు, సీజన్లో శనగలు, పత్తి, అన్నీ అక్కడే తూగుతాయి. అరవై టన్నుల ప్లాట్‌ఫాం, దాని కింద బరువును కొలిచే లోడ్ సెల్స్, గదిలో ఎర్ర అంకెల ఇండికేటర్, ఇండికేటర్ వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు. పక్కనుండే పాత విండోస్ కంప్యూటర్ ఎండకూ బూడిదకూ తట్టుకోలేక పోయింది. దాంతో పాటు తూకం సాఫ్ట్‌వేరూ పోయింది. అమ్మినవాళ్లను అడిగితే మళ్లీ కొత్తది కొనమన్నారట.

ఓనర్ వాదన సూటిగా ఉంది. "అన్నా, ఇండికేటర్లో అంకె కనపడతానే ఉంది గదా. దాన్ని కంప్యూటర్లోకి తెచ్చేదానికి మళ్లా అంత లెక్క యాల పెట్టాల?"

కావలసింది మూడే: అంకె కంప్యూటర్లోకి రావాలి, చీటీ ప్రింటు కావాలి, రోజు లెక్క ఒక ఫైల్లో పడాలి. వాళ్ల దగ్గరున్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లో ఉబుంటు 22.04 లైనక్స్ వేశాను. పైథాన్‌లో రాస్తే ఇంకొంచెం శుభ్రంగా ఉండేదని కొందరంటారు, కాదనను. కానీ ఆ కంప్యూటర్‌ను తర్వాత చూసుకునేది ఓనర్ బామ్మర్ది. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, షెల్, అంటే కమాండ్లు టైపు చేసి పని చేయించడం, కొంచెం తెలుసు. పనీ చిన్నదే: వచ్చే అక్షరాలు చదవడం, సరైనవో కావో తేల్చడం, రాసిపెట్టడం. దానికి లైనక్స్‌తో వచ్చే బ్యాష్ షెల్ చాలు.

సీరియల్ పోర్టు పనిలో డేటా రాకపోతే అదేమంత కష్టం కాదు. రాలేదని ఎవరికైనా తెలుస్తుంది. నిజంలా కనపడే తప్పు అంకె వచ్చినప్పుడే కొంప మునుగుతుంది. కాటా దగ్గర అంకె అంటే డబ్బు. అందుకే ఈ స్క్రిప్టులో సగానికి పైగా లైన్లు అంకెను తీసుకోవడానికి కాదు, తోసిపుచ్చడానికే ఉన్నాయి.

తీగలు

ఆర్‌ఎస్-232 అనే ఈ సీరియల్ పోర్టు పద్ధతి 1960లో వచ్చింది. ఇందులో ఒకటి అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. ఏమీ పంపనప్పుడు పంపే పిన్ను మైనస్‌లోనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మాన్యువల్ లేకపోయినా పని నడుస్తుంది. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ 5వ పిన్ను మీద, అంటే గ్రౌండు మీద పెట్టి, ఎర్ర ప్రోబ్‌తో 2, 3 పిన్నులు తాకి చూడాలి. మైనస్ చూపించేదే ఇండికేటర్ మాట్లాడే పిన్ను. ఇక్కడ అది 3. దాన్ని కంప్యూటర్ వైపు 2వ పిన్నుకు, గ్రౌండును గ్రౌండుకు కలిపాను. అంతే, రెండు తీగలు.

మూడో తీగ కావాలనే కలపలేదు. లైనక్స్‌లో టీటీవై, అంటే ఇలాంటి పోర్టును చూసుకునే భాగం, మామూలుగా ఎకో పెట్టుకుని ఉంటుంది. తనకు వచ్చిన అక్షరాన్ని అటే తిప్పి పంపుతుంది. సీరియల్ మీద జీరో, టేర్ (ఖాళీ బరువు తీసేసే) కమాండ్లు తీసుకునే ఇండికేటర్లు ఉన్నాయి. అలాంటిదానికి తన మాటే తిరిగి వినపడితే ఏం చేస్తుందో చెప్పలేం. మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు ఒకటుంది, అది కొత్త పోర్టు కనపడితే మోడెమేమో అని ఏటీ కమాండు పంపి చూసే రకం. తీగే లేకపోతే ఇవేవీ అటు చేరవు. పైగా ఇండికేటర్ తూనికలు కొలతల శాఖ ముద్ర పడిన పరికరం. మన పని వినడమే.

డెస్క్‌టాప్‌కు సీరియల్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాం, సీహెచ్340 చిప్ ఉన్నది. గుచ్చగానే సిస్టమ్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో టీటీవై యూఎస్‌బీ సున్నాగా తగులుకున్నట్టు ఒక లైను, వెంటనే ఊడిపోయినట్టు ఇంకో లైను. కన్వర్టర్ చెడిందని పారేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఉబుంటు 22.04లో బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్యాకేజీ ఉంటుంది, చూపులేనివారి బ్రెయిలీ డిస్‌ప్లేలు నడపడానికి. ఈ చిప్ యూఎస్‌బీ నంబరు, ఒక బ్రెయిలీ డిస్‌ప్లే నంబరు ఒకటే కావడంతో అది కన్వర్టర్‌ను లాగేసుకుంటుంది. ఆ గదిలో బ్రెయిలీ వాడేవారు లేరు కనుక ప్యాకేజీ తీసేశాం. యూజర్‌ను సీరియల్ పోర్టు వాడే హక్కున్న డయలౌట్ గ్రూపులో చేర్చాం. పోర్టు నిలబడింది.

సున్నా సరిగ్గా, లారీ తప్పుగా

నేను పోకముందే బామ్మర్ది టెర్మినల్ ప్రోగ్రామ్‌లో చూశాడు. ఇండికేటర్ మెనూలో బాడ్ రేటు, అంటే బిట్లు పంపే వేగం, 2400 అని ఉంది, అదే పెట్టాడు. ప్లాట్‌ఫాం ఖాళీగా ఉన్నప్పుడు సున్నాలు చక్కగా కనపడ్డాయి, అటూ ఇటూ ఏవో పిచ్చి గుర్తులు తప్ప. పని అయిపోయిందనుకున్నాడు. లారీ ఎక్కేసరికి అంకెల మధ్యలో ప్రశ్నార్థకాల డబ్బాలు. ఒక టిప్పర్‌కు 35,960 అని పొల్లుపోకుండా వచ్చింది. తర్వాత వచ్చిన 14,280 కిలోల లారీకి మాత్రం ముందూ వెనకా సున్నాలు తప్ప ఒక్క అంకె సరిగ్గా లేదు. కేబుల్ లూజు అని, లోడ్ సెల్ పోయిందని, కన్వర్టర్ నకిలీదని తలా ఒక మాట.

లూజు కనెక్షన్ ఇంత పద్ధతిగా తప్పు చేయదు. ఒకే అంకె ఎప్పుడూ తప్పే వస్తోందంటే, ఇంకో అంకె ఎప్పుడూ ఒప్పే వస్తోందంటే, దాని వెనక నియమం ఏదో ఉన్నట్టే.

పోర్టు సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై కమాండుతో దాన్ని రా మోడ్‌లో (వచ్చిన బైట్లను మార్చకుండా ఇచ్చే పద్ధతిలో) పెట్టి, అక్షరాలుగా చూపే క్యాట్‌తో కాకుండా ఓడీతో చూశాను. అది ప్రతి బైటునూ హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా, చూపిస్తుంది. ఇక్కడ ఒక చిన్న తిరకాసు. ఒక్కో ఫ్రేము, అంటే ఇండికేటర్ ఒకసారి పంపే తూకం, పది బైట్లని తేలాక, లైనుకు పది బైట్లు చూపమంటే ఓడీ ఒక లైను, దాని కింద ఒక నక్షత్రం వేసి బిగుసుకుపోయినట్టు కనపడుతుంది. అది బిగుసుకోలేదు. ఒకే లైను మళ్లీ మళ్లీ వస్తుంటే నక్షత్రంతో సరిపెట్టడం దాని అలవాటు. ఖాళీ కాటా పంపేది ఒకే ఫ్రేము కదా. మైనస్ వీ ఆప్షన్ ఇస్తే అన్ని లైన్లూ చూపిస్తుంది.

ఖాళీ కాటాకు కనపడింది ఇది: 82, 2బీ, ఏడు సార్లు 30, చివర 8డీ. 14,280కి: 82, 2బీ, 30, 30, బీ1, బీ4, బీ2, బీ8, 30, 8డీ.

అక్షరాలకు కోడ్‌లిచ్చే ఆస్కీలో ఒకటి అంకె కోడ్ 31, నాలుగుకు 34, రెండుకు 32, ఎనిమిదికి 38. ఇక్కడ బీ1, బీ4, బీ2, బీ8 వచ్చాయి. అన్నిటికీ పైన ఒక బిట్టు అదనంగా వెలిగింది. ఏ అంకెలకు వెలిగిందో చూస్తే గుట్టు తెలిసిపోతుంది. 31ని బైనరీలో రాస్తే మూడు ఒకట్లు, బేసి. 30లో రెండు ఒకట్లు, సరి. బేసి ఉన్నచోట ఇంకో ఒకటి కలిపి సరి చేస్తున్నారు. అంటే ఇండికేటర్ పంపేది 7 డేటా బిట్లు, ఈవెన్ ప్యారిటీ, 1 స్టాప్ బిట్. మనం చదివేది 8 డేటా బిట్లు, ప్యారిటీ లేకుండా. రెండు పద్ధతుల్లోనూ స్టార్ట్ బిట్‌తో కలిపి మొత్తం పది బిట్లే కనుక ఒక అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నది ఎక్కడా తప్పదు, ఎర్రరూ రాదు. ప్యారిటీ బిట్టు మాత్రం ఎనిమిదో డేటా బిట్టుగా వేషం వేసుకుని వస్తుంది.

అందుకే 0, 3, 5, 6, 9 అంకెలు ఎప్పుడూ సరిగ్గానే కనపడతాయి. 1, 2, 4, 7, 8 ఎప్పుడూ చెడిపోతాయి. 35,960లో ఉన్నవన్నీ మొదటి గుంపువే. ఆ టిప్పర్ రావడమే అందరినీ తప్పుదారి పట్టించింది. 82 అంటే ఫ్రేము మొదలని చెప్పే 02, 8డీ అంటే లైను ముగిసిందని చెప్పే 0డీ. లైను ముగింపు అక్షరమే వేషం మార్చుకుంటే, లైను కోసం కాచుకుని ఉండే ప్రోగ్రాముకు లైను ఎప్పటికీ దొరకదు. మామూలు మోడ్‌లో క్యాట్ పెడితే తెర ఎందుకు నల్లగా ఉండిపోయిందో దీంతో తేలిపోయింది.

బాడ్ రేటు తప్పయితే లక్షణం వేరు. అప్పుడు సున్నాలు కూడా సరిగ్గా రావు, మొత్తం చెత్తే. కొన్ని అంకెలు సరిగ్గా, కొన్ని కచ్చితంగా తప్పుగా వస్తుంటే ప్యారిటీని అనుమానించాలి.

ఎస్‌టీటీవైకి ఇచ్చే ఆప్షన్లలో వరుస ముఖ్యం. ముందు రా, తర్వాతే మిగతావి. ఎందుకంటే రా అనేది ప్యారిటీ తనిఖీని ఆపేస్తుంది. తనిఖీ కావాలంటే ఐఎన్‌పీసీకే ఆప్షన్ దాని తర్వాత రాయాలి. ఇంకోటి, రా పెట్టినంత మాత్రాన ఎకో ఆగదు. మైనస్ ఎకో విడిగా రాయాల్సిందే. ప్యారిటీ తనిఖీ పెడితే చెడిన బైటు స్థానంలో సున్నా బైటు వస్తుంది, బ్యాష్‌లోని రీడ్ సున్నా బైటును వదిలేస్తుంది, ఫ్రేము పొడవు తగ్గుతుంది, మనం తోసేస్తాం. వినడానికి బాగుంది కానీ, కన్వర్టర్ చిప్పూ దాని డ్రైవరూ ప్యారిటీ తప్పును పైకి చెబితేనే ఇదంతా జరిగేది. చౌక కన్వర్టర్ల విషయంలో నేను దాన్ని నమ్ముకోను. పెట్టాను, అంతే.

పాత తూకం

సెట్టింగులు కుదిరాక చీటీ స్క్రిప్టు బామ్మర్దే రాశాడు, బాగానే రాశాడు. ఎగ్జెక్‌తో పోర్టును ఒకసారి తెరిచి, మూయకుండా 3వ నంబరు డిస్క్రిప్టర్‌లో ఉంచాడు. ఆపరేటర్ బండి నంబరు కొట్టి ఎంటర్ నొక్కగానే పోర్టు నుంచి ఫ్రేములు చదవాలి, వరుసగా ఇరవై ఫ్రేముల్లో ఒకే అంకె వస్తే తూకం నిలబడినట్టు లెక్క, చీటీ వేయాలి. ఈ ఇండికేటర్ నిలకడ గుర్తేదీ పంపదు కాబట్టి ఆ వరుస లెక్క అవసరమే. ఓనర్ కారు ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి చూసుకున్నారు. ప్రతిసారీ సరిగ్గా వచ్చింది.

అసలు బండ్లు మొదలయ్యాక ఒక ఖాళీ ట్రాక్టర్ వచ్చింది. చీటీ మీద ముప్పై అయిదు వేల పైచిలుకు కిలోలు. డ్రైవర్ చీటీ పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియక, "ఏం సామీ, నా ఖాళీ ట్రాక్టర్ ముప్పై అయిదు టన్నులా? ఇంజన్లో ఏం బంగారం పెట్టినా?" అన్నాడట. ఇండికేటర్ మీద మాత్రం అంకె సరిగ్గానే ఉంది. ముందు వచ్చిన టిప్పర్ చీటీ తీసి చూస్తే కిలోతో సహా అదే తూకం.

చదివేవాడు చదివినా చదవకపోయినా సీరియల్ పోర్టుకు డేటా వస్తూనే ఉంటుంది. పోర్టు తెరిచి ఉంటే వచ్చిన బైట్లను కర్నల్, అంటే లైనక్స్ మూల భాగం, తన బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) దాచిపెడుతుంది. టీటీవై చదువు బఫర్ 4096 బైట్లు. మన ఇండికేటర్ సెకనుకు పదిసార్ల చొప్పున పది బైట్ల ఫ్రేము పంపుతుంది, అంటే దాదాపు నలభై సెకన్ల తూకాలు అందులో పడతాయి. నిండాక కొత్తవి లోపలికి రావు, పాతవే కూర్చుని ఉంటాయి. టిప్పర్ చీటీ అయిపోయాక స్క్రిప్టు చదవడం ఆపింది. టిప్పర్ ఇంకా కాటా మీదే ఉంది. ఆ కాసేపట్లో వచ్చిన ఫ్రేములన్నీ టిప్పర్ తూకమే. అర్ధగంట తర్వాత ట్రాక్టర్‌కు ఎంటర్ నొక్కితే స్క్రిప్టు చేతికి మొదట దొరికేవి అవే. ఇరవై ఫ్రేములూ ఒకే అంకె. నిలకడ పరీక్షను అంత బాగా పాసయ్యే డేటా ఇంకోటి దొరకదు.

టెస్టులో ఎందుకు బయటపడలేదంటే, చూసింది ఒకే కారుతో. పాత తూకమూ కొత్త తూకమూ ఒకటే. కాటా స్క్రిప్టును పరీక్షించాలంటే ఒకదాని తర్వాత ఒకటిగా వేర్వేరు బరువుల బండ్లు ఎక్కించాలి, మధ్యలో కనీసం ఒక నిమిషం ఖాళీ వదలాలి.

ఎంటర్ నొక్కిన వెంటనే బఫర్‌లో ఉన్నదంతా చదివి పారేస్తే సరిపోదా అని బామ్మర్ది అడిగాడు. చాలావరకు సరిపోతుంది. అయినా ఎంత పారేస్తే చాలో తేల్చడం చిక్కు. కర్నల్ బఫర్ వెనక డ్రైవర్ బఫర్లు, కన్వర్టర్ లోపల ఇంకొంత ఉంటాయి. అందుకే పనిని రెండుగా విడగొట్టాం.

మొదటి స్క్రిప్టుకు చదవడం ఒక్కటే పని. ఎప్పుడూ ఆగకుండా పోర్టును ఖాళీ చేస్తూ ఉంటుంది. రీడ్ కమాండుకు ముగింపు అక్షరంగా 0డీ ఇచ్చాం, మూడు సెకన్ల గడువు పెట్టాం. ఫ్రేము మొదట 02, తర్వాత ప్లస్ లేదా మైనస్, తర్వాత సరిగ్గా ఏడు అంకెలు, అంతకు ఒక్క అక్షరం ఎక్కువైనా తక్కువైనా చెత్తబుట్టకే. పోర్టు తెరవగానే వచ్చే మొదటి ఫ్రేము తరచుగా సగం తెగి వస్తుంది, అదీ ఇందులోనే పోతుంది. నిలబడిన తూకాన్ని, చదివిన సమయాన్ని రన్ డైరెక్టరీలో చిన్న ఫైలుగా రాస్తుంది. అది ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి సెకనుకు పదిసార్లు రాసినా డిస్కు అరగదు. నేరుగా ఆ ఫైల్లో రాయకుండా, వేరే పేరుతో రాసి ఎంవీ కమాండుతో దాని స్థానంలోకి మార్చాలి. లేకపోతే సగం రాసిన అంకెను అవతలివాడు చదివే ప్రమాదం ఉంది. తూకం కదులుతుంటే ఆ ఫైలు తీసేస్తుంది.

రెండో స్క్రిప్టు చీటీది. అది పోర్టు జోలికే పోదు. ఫైలు చూస్తుంది. ఫైలు లేకపోయినా, అందులోని సమయం రెండు సెకన్ల కంటే పాతదైనా, "తూకం రాలేదు" అని చెప్పి ఊరుకుంటుంది. ఆ తర్వాత ముందు బండి తూకం వెనక బండికి పడలేదు, పడే దారీ లేదు.

రీడ్ విఫలమైనప్పుడు ఎందుకు విఫలమైందో దాని ఎగ్జిట్ కోడ్ చెబుతుంది. 128 దాటితే గడువు ముగిసింది, అంటే పోర్టు ఉంది, ఇండికేటర్ మాట్లాడటం లేదు. 1 వస్తే పోర్టే పోయింది, ఎవరో కన్వర్టర్ పీకారు. మొదటిదానికి ఫైలు తీసేసి ఎదురుచూడాలి. రెండోదానికి స్క్రిప్టు తనంతట తాను చచ్చిపోవాలి, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మళ్లీ లేపుతుంది. లేచాక ఎస్‌టీటీవై మళ్లీ నడపాల్సిందే, ఎందుకంటే కన్వర్టర్ పీకి గుచ్చితే పోర్టు 9600, 8 బిట్లకు తిరిగిపోతుంది. టీటీవై యూఎస్‌బీ సున్నా కాస్తా టీటీవై యూఎస్‌బీ ఒకటి అయినా ఆశ్చర్యం లేదు. అందుకే స్క్రిప్టులో ఆ పేరు రాయలేదు. డెవ్ కింద సీరియల్ ఫోల్డర్లో బై-పాత్ పేర్లుంటాయి, ఏ యూఎస్‌బీ సాకెట్‌లో గుచ్చామో దాన్నిబట్టి. బై-ఐడీ వాడొచ్చు గానీ సీహెచ్340 చిప్పులకు మామూలుగా విడి సీరియల్ నంబరు ఉండదు, రేపు రెండో కన్వర్టర్ పెడితే రెంటికీ ఒకే పేరు వస్తుంది.

ఒక పోర్టును ఇద్దరు చదవకూడదన్నదీ ఇక్కడే చెప్పాలి. లైనక్స్ అడ్డుపడదు, ఇద్దరినీ తెరవనిస్తుంది. బైట్లు మాత్రం ఒకరికి కొన్ని, ఇంకొకరికి కొన్ని పంచుతుంది. బామ్మర్ది ఇంకో విండోలో క్యాట్ పెట్టి చూస్తూ ఉంటే ఇటువైపు ఫ్రేముల్లో అంకెలు మాయమయ్యాయి. ఏడు అంకెల నియమం లేకపోయి ఉంటే 14,280 కాస్తా 1,480గా చీటీ ఎక్కేది. స్క్రిప్టు మొదట్లోనే ఎఫ్‌లాక్‌తో తాళం వేయించాం. క్యాట్ ఆ తాళాన్ని లెక్కచేయదు కానీ, స్క్రిప్టు రెండుసార్లు నడవకుండా మాత్రం ఆపుతుంది.

ముందు సున్నాలు

నెట్ తూకం లెక్కలో ఇంకో గుంట ఉంది. ఇది టేబుల్ మీదే పట్టుబడింది. ఇండికేటర్ 0024350 అని ముందు సున్నాలతో పంపుతుంది. బ్యాష్ లెక్కల్లో ముందు సున్నా ఉంటే ఆ సంఖ్య ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారంగా రాసింది. గ్రాస్ (నిండు బండి) 0024350, టేర్ (ఖాళీ బండి) 0007120 అయితే నెట్ (సరుకు) 17,230 రావాలి. బ్యాష్ చెప్పేది 6,808. ఏ ఫిర్యాదూ చేయదు. అంకెల్లో ఎక్కడైనా 8 గానీ 9 గానీ ఉంటే అప్పుడు మాత్రం తప్పు అని అరుస్తుంది. సంఖ్య ముందు 10, హ్యాష్ గుర్తు పెడితే పది ఆధారంగా లెక్కవేస్తుంది. ఒంటి చదరపు బ్రాకెట్లలో పోలిస్తే అదే సంఖ్య దశాంశంగా, జంట బ్రాకెట్లలో పోలిస్తే ఆక్టల్‌గా తీసుకోవడం ఇంకో విడ్డూరం. ఫ్రేము చదివిన చోటే సున్నాలు తీసేయడం అన్నిటికంటే క్షేమం.

పెద్దాయన ఎంటర్

బండి ఎక్కగానే చీటీ దానంతటదే పడాలని ఓనర్ కోరిక. నేను ఒప్పుకోలేదు. కాటా ఆపరేటర్ పెద్దాయన కంప్యూటర్ దగ్గర కూర్చున్నా చూపు కిటికీ బయటే ఉంటుంది. పొడుగు లారీ వస్తే, "ఎనక చక్రాలు ఇంగా ఎక్కలేదు, ముందుకు రా నాయనా" అని కేకేస్తాడు. వెనక ఇరుసు నేల మీద ఉన్నా తూకం చక్కగా నిలబడుతుంది, ఏడు అంకెలు వస్తాయి, సమయం తాజాగానే ఉంటుంది. స్క్రిప్టు పెట్టిన పరీక్షలన్నీ పాసవుతుంది. తప్పని తెలిసేది కిటికీలోంచి చూసేవాడికే. కాబట్టి ఎంటర్ ఆయన చేతిలోనే ఉంది. ఒక బండికి రెండు చీటీలు పడకుండా మాత్రం, చీటీ వేశాక తూకం వంద కిలోల కిందికి ఒకసారి దిగితే తప్ప తర్వాతి చీటీ రాకుండా చేశాం.

చేతిరాత రిజిస్టరు, కంప్యూటర్ ఫైలు కొన్నాళ్లు పక్కపక్కన నడిపించాం, రెండూ కలిశాయి. ఇప్పుడు రిజిస్టరు మానేస్తామంటున్నారు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఇండికేటర్ ఒక్కటే నడిచే రోజులుంటాయి కదా, మానొద్దన్నాను. ముద్దనూరు వైపు ఇంకో కాటావాళ్లు ఇదే స్క్రిప్టు అడిగారు. వాళ్ల ఇండికేటర్ 9600లో, 8 బిట్లలో పంపుతుంది, తూకం నిలబడిందో లేదో ఫ్రేములోనే చెబుతుంది. అక్కడ ఇరవై ఫ్రేముల లెక్క తీసేసి ఆ గుర్తు చూస్తే సరిపోతుంది. రెండు సెకన్ల నియమం, రెండు తీగల కేబుల్ మాత్రం అలాగే ఉంటాయి.